మేత లేని దారిన మంద

జరగండి, ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. గడప అవతల ఉన్నవాళ్ళు కూడా లోపలికి రండి, నా గొంతు అంత దూరం రాదు. ఆ ఫోన్లు కాసేపు బోర్లించి పెట్టండి. బీరమ్మ సంగతి చెబుతాను. ఆమె మనవడు దామోదర్ సంగతి కూడా ఇందులోనే ఉంది.

మర్రిగూడ మీకు తెలియనిది కాదు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ విషం ఎముకల్లోకి దిగి, నడివయసు రాకుండానే మనుషుల నడుములు వంచేసిన నేల అది. ఆ చుట్టుపక్కల ఊరే బీరమ్మది. కురుమల ఇల్లు, గొర్రెలూ మేకలే బతుకు. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ కృష్ణ నీళ్ళు వచ్చాయి గాని, అప్పటికే ఆమె మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. మంచం మీద కూర్చుంటే కాళ్ళు ముందుకు చాపి కూర్చోవాలి, మడిచేది లేదు. కాళ్ళు పోయాయి గాని జ్ఞాపకం మాత్రం పోలేదు. ఏ గొర్రె ఏ కరువులో ఏ గుట్ట మీద ఈనిందో, ఆ పిల్లను ఏ తోడేలు ఎత్తుకుపోయిందో అన్నీ చెప్పేది.

నిజాం మీద సంఘం పోరాటం జరిగిన రోజుల్లో బీరమ్మ లంగా కట్టుకుని మంద వెంట తిరిగే పిల్ల. మొదట రజాకార్లు, నిజాం పోలీసులు ఊళ్ళ మీద పడ్డారు. వాళ్ళు పోయారనుకునే లోపల యూనియన్ సైన్యం లారీల్లో దిగి సంఘం వాళ్ళను వేటాడటం మొదలుపెట్టింది. సంఘం దళంలో ఉన్నది పిడికెడు మంది. చేతుల్లో పాత తుపాకులు, అవీ అందరికీ లేవు. అంత సైన్యానికి ఎదురుగా నిలబడితే ఒక్క పూట కూడా నిలవలేరు. అందుకని నిలబడేవాళ్ళే కాదు. ఎక్కడ తక్కువ మంది దొరికితే అక్కడ కొట్టేవాళ్ళు, కొట్టిన చోటు నుంచి మాయమై రాచకొండ గుట్టల్లోకి పోయేవాళ్ళు.

మనుషులు మాయమైనా నేల మీద అడుగులు మిగులుతాయి కదా. ఆ అడుగుల్ని తుడిచేది బీరమ్మ. దళం నడిచిన దారిన వెనకాలే మందను తోలుకుని పోయేది. అన్ని గిట్టలు తొక్కాక ఇంక మనిషి అడుగు ఎవరికి దొరుకుతుంది? సైనికులు వచ్చి చూస్తే దుమ్ము, పెంటికలు, కట్టె పట్టుకున్న ఒక పిల్ల. అంతే.

ఇంత చేసిన మనిషి ఇంట్లో, చూడండి, మనవడు పోయి సర్కారు బలగంలో చేరాడు. గోదావరి అవతలి అడవుల్లో ఇప్పటికీ తుపాకులు పట్టుకుని తిరిగే వాళ్ళున్నారే, వాళ్ళను పట్టే పని. అతని తండ్రి భిక్షం గొర్రెలు కాసుకునే మనిషి. కొడుక్కి నెల జీతం వచ్చే కొలువు దొరికిందని ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. బీరమ్మ ఏమీ అనలేదు. మొదటి సెలవుకు దామోదర్ యూనిఫాంలోనే ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, మంచం మీద నుంచే కేక వేసింది.

"ఓ సిపాయీ! అప్పట్లనైతే గా బూట్లు చూసుడుతోనే వడిసెలల రాయి వెట్టి తిప్పుదును."

"తిప్పరాదే అవ్వా, నీ చెయ్యి భుజం దాటి లేస్తదా?"

"చెయ్యి లేవకుంటేంది, నోరు లేస్తది కొడుకా. కాళ్ళు కడుక్కో, జొన్న గట్క పోస్త."

అలా నవ్వుకునేవాళ్ళు. ఆ సెలవులో దామోదర్‌తో పాటు అదే బలగంలో పనిచేసే దశరథ్ అనే స్నేహితుడు కూడా వచ్చాడు. ఊరు నందికొండ. వాళ్ళ నాయన సాగర్ నీళ్ళలో చేపలు పడతాడు. దశరథ్ ఎండబెట్టిన చేపల మూట బీరమ్మ ఒళ్ళో పెట్టి, "అవ్వా, నేను గూడ నీ మనుమన్నే, నాకు రెండు ముద్దలు ఎక్కువ పెట్టాలె" అన్నాడు. ఆ మాటకు బీరమ్మ పొంగిపోయింది. ఇంట్లో ఉన్నన్నాళ్ళు ముందు అతనికి వడ్డించి, తర్వాతే దామోదర్‌కు వడ్డించేది.

మరుసటి సెలవుకు దామోదర్ ఒక్కడే వచ్చాడు.

నార్కట్‌పల్లిలో బస్సు దిగి, ఎవరి బండో ఎక్కి వచ్చి, గడపలో సంచి పడేసి కూర్చున్నాడు. తిండి లేదు, మాట లేదు. దశరథ్ మందుపాతర మీద పోయాడని భార్య మల్లీశ్వరికి మాత్రం చెప్పాడు. ఆమెకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె కూడా సరిగా తినడం మానేసింది.

అది గొర్రెలకు ఉన్ని కత్తిరించే కాలం. భిక్షం వాకిట్లో గొర్రెను పడుకోబెట్టి కత్తెర ఆడిస్తున్నాడు. దామోదర్ కాళ్ళు పట్టుకున్నాడు. పక్కనే బీరమ్మ ఉన్నిలోంచి పల్లేరు కాయలు ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"పొయ్యేటప్పుడా, మర్లి వచ్చేటప్పుడా?"

"ఏంది అవ్వా?"

"దశరథ్‌ను. పొయ్యేటప్పుడు కొట్టిన్రా, వచ్చేటప్పుడు కొట్టిన్రా?"

దామోదర్ చేతిలోంచి గొర్రె కాలు జారింది. "వచ్చేటప్పుడు. క్యాంపు రేకులు కనవడ్తున్నయి. గంత దగ్గర."

"గంతేగదా. పొయ్యేటోడు నాలుగు దిక్కులు చూస్తడు బిడ్డా. వచ్చేటోడు బువ్వ దిక్కే చూస్తడు. మేం గా యాళ కోసమే కాసుకొని కూసునేటోళ్ళం."

ఆ 'మేం' అన్న మాట విని భిక్షం కత్తెర ఆపాడు. తల్లి ఆ రోజుల గురించి మంద సంగతులే చెప్పేది గాని, చంపిన సంగతులు ఎప్పుడూ చెప్పలేదు.

బీరమ్మ ఆగలేదు. పోయిన తోవన మళ్ళీ రావద్దంది. చెలిమె కనపడగానే నీళ్ళకు వంగవద్దంది. "నీ ముంగట ఎవడన్న ఉరికిండనుకో, ఎంటవడకు. వాడు భయపడి ఉరుకుతలేడు, నిన్ను తీస్కపోతున్నడు. కుక్కలు మొరగని ఊళ్ళె నిలవడకు."

"కుక్కలు మొరగకుంటె ఏమైతది?"

"నువ్వు కొత్తోనివి. నిన్ను చూసి కుక్క మొరగలేదంటె, కొత్తోళ్ళు ఆడికి అలవాటన్నట్టు. లేకుంటె కుక్కల్నే లేకుంట చేసిన్రన్నట్టు. మన ఊళ్ళె నా చేత్తోనే రెండింటిని చంపెతందుకు ఇచ్చిన. మంచి కుక్కలు."

"ఇవన్నీ మాకు ట్రైనింగ్‌ల చెప్పిన్రే అవ్వా."

"దశరథ్‌కు చెప్పలేదా మరి?"

దామోదర్ జారిన గొర్రె కాలు మళ్ళీ పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి సెలవు అయ్యేదాకా ఆమె మంచం పక్కనే కూర్చుని అడిగిందే అడిగాడు. ఆమె చెప్పిందే చెప్పింది. తనకు తెలిసినవన్నీ చెప్పింది గాని ఒక్కటి మాత్రం దాచుకుంది. దాని జోలికి వచ్చినప్పుడల్లా మాట పక్కకు తిప్పేది.

ఆ దాచుకున్నది ఏమిటంటారా? జీవాలు కాసేవాళ్ళు ఎటు నడిచినా మేత కోసమో నీళ్ళ కోసమో నడుస్తారు. ఊరికే బండల మీద తోలితే గిట్టలు అరుగుతాయి, పాలు తగ్గుతాయి. గడ్డి పోచ లేని దారిన, నీటి చుక్క లేని దిక్కుకు మంద నడిచిందంటే అది మేతకు నడిచింది కాదు. ముందు నడిచిన మనుషుల అడుగులు తుడవడానికి నడిచింది. ఈ సంగతి పట్నం నుంచి వచ్చిన సైనికుడికి తట్టదు. కురుమ పిల్లవాడికి చెబితే మాత్రం ఒక్క చూపులో కనిపెడతాడు. కనిపెడితే ఆ మంద వెనక ఉన్నదెవరు? తుపాకీ పట్టినవాళ్ళు కాదు, కట్టె పట్టిన పిల్లలు. అందుకని బీరమ్మ నోరు మెదపలేదు.

సెలవు అయిపోయిన పొద్దు మల్లీశ్వరి వచ్చి మంచం పట్టె పట్టుకుని నిలబడింది. ఏడవలేదు.

"అవ్వా, నీకు ఎరికున్నయన్నీ చెప్పినవా ఆయనకు?"

"చెప్పిన బిడ్డా."

"ఏమన్న దాసుకున్నవా? దాసుకుంటె నా కడుపు దిక్కు చూసి చెప్పు."

బీరమ్మ ఆ కడుపు వంక చూసింది. తర్వాత కట్టె అడిగింది. ఎన్నడూ వాకిలి దాటని మనిషి, కొయ్య కాళ్ళు ఈడ్చుకుంటూ ఆటో ఆగే చోటిదాకా వచ్చింది. దామోదర్ చెవి దగ్గర నోరు పెట్టి ఆ ఒక్కటీ చెప్పింది.

"ఇది నువ్వు పానం దక్కించుకునెతందుకు చెప్తున్న. గసొంటి అడుగులు కనవడ్డ కాడ ఇంక ముందుకు పోకు. ఎనుకకు మర్లు. మర్లుతనని నా నెత్తి మీద చెయ్యి పెట్టు."

అతను చేయి పెట్టాడు.

కొడుకు పుట్టిన తర్వాత దామోదర్ మళ్ళీ వచ్చాడు. ఈసారి రావడమే వేరు. ఊరి మొదట్లో అతని ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. బడి పిల్లలు చప్పట్లు కొట్టారు. అతని ఛాతీ మీద ఒక పతకం. భిక్షం పొట్టేలును కోశాడు. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా వచ్చి పలావు తిని, "మీ ఇంటి పులి ఆడ ఐదుగురిని పండవెట్టిందట గదా, బీరవ్వా" అని ఆమె కాళ్ళు మొక్కిపోయారు.

సందడి సద్దుమణిగాక, దామోదర్ ఉయ్యాల ఊపుతూ కూర్చున్నప్పుడు బీరమ్మ పిలిచింది. అతనే ముందు చెప్పాడు, మురిపెంగా.

"అంత నీ పుణ్యమే అవ్వా. నువ్వు చెప్పినట్టే కనవడ్డయి. మేకల అడుగులు. అంత బండ, గడ్డి పోస లేదు. మా సారుకు చూపిచ్చిన. మా సారు నన్నే చూసిండు, నీకు గిదంత ఎట్ల తెలుసురా అని."

"మర్లి వస్తనంటివి గద బిడ్డా."

"మర్లితె? మర్నాడు గాళ్ళే నన్ను కొడుదురు. దశరథ్‌ను కొట్టినట్టు. రెండు దిక్కుల నుంచి పోయి చుట్టేసినం."

"మందను ఎవరు తోలిన్రు?"

ఉయ్యాల తాడు అతని చేతిలో ఆగింది.

"అడిగితె చెప్పవేందిరా. మందను ఎవరు తోలిన్రు?"

"ఒక పిల్ల."

"ఎంత పిల్ల?"

"మన పక్కింటి నిహారికంత ఉంటది."

నిహారిక ఇంకా హైస్కూలుకు కొత్తగా పోతున్న పిల్ల. ఆ పూట కూడా వీళ్ళింట్లోనే పలావు తిని, ఎంగిలి చేత్తోనే పసివాణ్ణి ముద్దాడి పోయింది.

"ఉరకలేదా ఆ పిల్ల?" అంది బీరమ్మ.

"ఉరికితె బతుకుండె అవ్వా. తుపాకులు మోగుడుతోని మేకలు చెదిరినయి. ఇది ఉరకకుంట, వాటిని కూడేసెతందుకు నడుమల నిలవడ్డది. చేతులు చాపుకుంట, అరుసుకుంట. ఎవలి తూటనో తెల్వది."

బీరమ్మ తనలో తాను అన్నట్టు అంది. "జీవాలను ఇడిసి ఇంటికెట్ల పోతది మరి. ఏం మొకం పెట్టుకొని పోతది."

అది కాపరి బుద్ధి. పిడుగు పడినా ముందు మందనే చూసుకుంటారు. ఆ వయసులో బీరమ్మ కూడా అలాగే నిలబడేది. ఆ పిల్లకు ఎవరూ వేరే బుద్ధి నేర్పలేదు.

సెలవు ముగిసేలోగా దామోదర్ మళ్ళీ మంచం పక్కకు చేరాడు. "మా సారు అడగమన్నడు అవ్వా. ఇంకేమన్న ఉంటె చెప్పు. నన్ను ముంగటి టీములకు తీసుకుంటున్నరు. ఎట్లనన్న గా దారులల్లనే తిరగాలె నేను."

"నాకు యాది లేదు."

"నీకు యాది లేకపోవుడా!" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి అతని ముఖం మారింది. "ఒక్క పిల్ల కోసమని నన్ను చావుమంటవా?"

"కొలువు ఇడిసిపెట్టు. గొర్లున్నయి, కాసుకో."

"గొర్లు! పతకం తెచ్చినోన్ని గొర్లు కాసుకొమ్మంటవా?"

యాది లేకపోవడం కాదు. ఆ క్షణాన బీరమ్మ కళ్ళ ముందు అంతా కదులుతూనే ఉంది. అప్పట్లో సైనికుల చేతుల్లో చావుదెబ్బలు తిన్న ఒక కాపరి, ఓర్చుకోలేక, ఈ మంద సంగతి సైన్యానికి చెప్పేశాడు. ఇంక మేత లేని దారిన మంద నడిస్తే చాలు, సైనికులు దాని వెంట పడేవాళ్ళు. దళం దారి మార్చలేదు, పద్ధతి మార్చింది. బీరమ్మనే పిలిచి, రాచకొండ లోయలోకి, ఒక్క మనిషి కూడా నడవని దారిన మందను తోలమంది. ఆమె తోలింది. అడుగులు చూసుకుంటూ సైనికులు లోయలోకి దిగారు. పైన దళం కాచుకుని ఉంది. అంతా అయిపోయాక మందను మళ్ళించడానికి ఆమె కిందికి పోయింది. పడి ఉన్నవాళ్ళ అంగీలను జీవాలు నాకుతున్నాయి. జీవాలకు ఉప్పంటే ఆశ కదా. ఆ అంగీల్లో చెమట ఉప్పు ఉంది. కట్టెతో ఎంత కొట్టినా అవి కదల్లేదు.

శత్రువు ఏ గుర్తు చూసి వెంట వస్తాడో, ఆ గుర్తునే తర్వాత ఎర వేస్తారు. బలం లేనివాడి యుద్ధం అట్లా ఉంటుంది. ఐదుగురిని పోగొట్టుకున్న ఆ అడవి వాళ్ళకు ఇప్పటికి తెలిసే ఉంటుంది, మేకల అడుగులే తమను పట్టిచ్చాయని. ఇక ఆ అడుగుల వెంట పోకు అని ఒక్క మాట చెబితే చాలు. కాని దామోదర్ ఆ మాట సారుకు చెబుతాడు. సారు ఆ ఎర చుట్టూ ఇంకో వల పన్నుతాడు. నడుమ మళ్ళీ మేకలుంటాయి. మేకల వెనక మళ్ళీ ఎవరో ఒకరు ఉంటారు. పానం కాపాడుకోమని చెప్పిన మొదటి మాట ఏమైందో చూసింది కదా.

"చెప్పవా?" అన్నాడు దామోదర్, సంచి భుజాన వేసుకుని.

మాట నాలుక కొస దాకా వచ్చింది. బీరమ్మ పెదాలు బిగించుకుంది.

"మంచిది. ఉండు నువ్వు, నీ యాదితోని," అని, పెట్టిన అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. మల్లీశ్వరి పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆటో వెంట కొంత దూరం పరుగెత్తింది.

వానాకాలం పోయాక భిక్షానికి ఫోన్ వచ్చింది. హైదరాబాద్ దవాఖానకు రమ్మన్నారు. దామోదర్ ప్రాణం దక్కింది. మందుపాతర మీద ఎడమ కాలు తొడ దాకా పోయింది.

కొయ్యకాలు అలవాటు చేసుకుని ఇల్లు చేరేసరికి ఎండలు ముదిరాయి. ఆ ఇంటి వాకిట్లో ఇద్దరికీ రెండు మంచాలు. మడవరాని కాళ్ళతో ఒకరు, మడవడానికి కాలే లేని ఒకరు. మల్లీశ్వరి ఇద్దరికీ పళ్ళేలు చేతికందించేది. నవ్వించాలని ఒకసారి, "ఇద్దరూ పటేళ్ళ లెక్కనే కూసున్నరు, లేశి నీళ్ళు ముంచేటోళ్ళు లేరు ఇంట్ల" అంది. దామోదర్ నవ్వలేదు. వచ్చిన్నాటి నుంచి అవ్వతో మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం, మంద గుట్ట ఎక్కాక, అతనే అడిగాడు.

"అవ్వా. గా అడుగులనే మల్ల ఎర పెడ్తరని నీకు ముందే ఎరికేనా?"

తెలియదనొచ్చు. ముసలిదాన్ని, మరిచిపోయాననొచ్చు. ఎవరు కాదంటారు?

"ఎరికే బిడ్డా."

లోపల గిన్నెలు సర్దుతున్న మల్లీశ్వరి చేతులు ఆగిపోయాయి.

"మరి నోరెందుకు తెరువలె?"

"ఒకటి చెప్తె ఆ పిల్ల పాయె. ఒకటి చెప్పకుంటె నీ కాలు పాయె. మూడోది ఏందో నాకు దొరకలె."

దామోదర్ కొయ్యకాలు పట్టీలు విప్పుతూ కూర్చున్నాడు. విప్పి పక్కన పెట్టాక మళ్ళీ మాట్లాడాడు.

"ఈసారి మేకల ఎనుక ముసల్ది ఉండె. నీ ఈడుదే. ఆ పిల్లకు ఏం వరుసైతదో ఏమో. కట్టె మీద ఆనుకొని నన్నే చూసింది, ఉరకలె. గురి పెట్టిన. పెట్టి దించిన. పక్కకు జరుగుమని చెప్పబోయి, ఒక్క అడుగు ముందుకేసిన."

"ఆమె బతికిందా?"

"తెల్వదు. నాకు తెలివొచ్చేవరకు దవాఖానల ఉన్న."

బీరమ్మ చేయి చాపింది. రెండు మంచాల నడుమ దూరానికి ఆ చేయి అందలేదు. అతను చూశాడు. జరగలేదు. కొంతసేపటికి మాత్రం, పసివాడు పాకుతూ వచ్చి ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడబోతే, "పడ్తడు, పట్టుకో అవ్వా" అన్నాడు. ఆమె పట్టుకుంది. ఆ తర్వాత ఆమె బతికిన కొన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్య అలాంటి మాటలే నడిచాయి. అన్నం, నీళ్ళు, పిల్లవాడు. అంతకు మించి లేదు.

ఇదీ సంగతి. మీలో పిల్లల తల్లులున్నారు, రేపు బలగాల్లో చేరేవాళ్ళూ ఉండొచ్చు. ఈ కథ మరిచిపోకండి. ఎక్కడైనా చెప్పేటప్పుడు పతకం గురించీ, పోయిన కాలు గురించీ వినేవాళ్ళే అడిగి చెప్పించుకుంటారు. గోదావరి అవతల బండల మీద, చెదిరిన మేకలకు చేతులు అడ్డం పెట్టి నిలబడిన ఆ పిల్ల గురించి మాత్రం ఎవరూ అడగరు. ఆమె పేరు మనలో ఎవరికీ తెలియదు. అడగకపోయినా ఆమె సంగతి మీరు చెప్పండి.